ముందు వరసలో చోటు

ఫోన్ మోగినప్పుడు కినుయో దోసకాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తోంది. చేతులు తడిగా ఉన్నాయి. "ఏవండీ, కాస్త చూడండి" అని కేకేసింది. టెట్సుజీ వరండాలో కూర్చుని మోకాలికి మందుపట్టీ అంటించుకుంటున్నాడు. ఒక కాలికి లాగు మడిచి, రెండో కాలికి మడవకుండా, అలాగే కుంటుకుంటూ వచ్చి ఫోనెత్తాడు.

"ఆఁ, ఇవబుచినేనండీ."

అని ఇంటిపేరు చెబుతూనే నడుం వంచి ఫోన్‌కి దండం పెట్టాడు. అవతలివాళ్ళకి ఏం కనిపిస్తుందని ఈ వంగడం, అని కినుయో పెళ్ళయిన కొత్తలో నవ్వేది. ఇప్పుడు తనూ వంగుతోంది.

"మారథాన్ ఆఫీసు నుంచా? అయ్యో, ఇంత ఎండలో మీకెంత శ్రమ... ఆఁ... ముందు వరసలోనా? నాకా? అబ్బెబ్బే! నాలాంటి ముసలాడికి ముందు వరసేమిటండీ, కుర్రాళ్ళ కాళ్ళకి అడ్డం పడతాను. వద్దండీ. అంత గౌరవం నాకెందుకు?"

కినుయో చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. ఇప్పుడు అవతలివాళ్ళు "అలా అనకండి, మీరు కాకపోతే ఇంకెవరు" అంటారు. ఈయన మళ్ళీ వద్దంటాడు. వాళ్ళు మూడోసారి బతిమాలతారు. అప్పుడు ఈయన తల గోక్కుని "మీరు అంతగా అంటుంటే కాదనలేను" అని ఒప్పుకుంటాడు. నుమగావా ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమిచ్చినా వరస ఇదే. ఒక పుచ్చకాయ ముక్క ఇటునుంచి అటు వెళ్ళాలన్నా రెండుసార్లు వద్దనిపించుకుని వెళ్ళాలి.

"ఆఁ... ఆఁ... అలాగేనండీ. మీకూ కృతజ్ఞతలు. ఉంటానండీ."

ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, దాని పక్కనే నిలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది కినుయో.

"'అర్థమైందండీ, మీ ఇష్టప్రకారమే చేస్తాం' అంది."

"అంతేనా?"

"అంతే. ఎవరో అమ్మాయి. కొత్తగా వచ్చినట్టుంది." మడిచిన లాగు కిందికి లాక్కున్నాడు. "మళ్ళీ చేస్తుందిలే. పైవాళ్ళని ఒకమాట అడిగి చేస్తుంది."

ఆ సాయంత్రం కాలవగట్టు మీద నడకకి వెళ్ళలేదాయన. ఎండ తగ్గలేదన్నాడు. మర్నాడూ వెళ్ళలేదు. ఫోన్ ఒకసారి మోగింది. పరుగున వెళ్ళి, అంటే ఆయన మోకాలు పడనిచ్చే పరుగుతో వెళ్ళి, ఎత్తాడు. ఇంటికప్పుకి రంగు వేయిస్తారా అని ఎవడో అడిగాడు. వాడితో కూడా మర్యాదగా చాలాసేపు మాట్లాడి పెట్టేశాడు, పాపం.

కినుయోకి మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేదు.

మొగుడి మోకాలి సంగతి ఆమెకి తెలుసు. మారథాన్‌లో తుపాకీ పేలిన క్షణం నుంచి దారిలోని గేట్ల గడియారాలు నడుస్తాయి. గేటు దగ్గర టైమైపోతే అడ్డంగా తాడు కడతారు, అంతే, పరుగు సరి. వేలమంది జనం. చివరి వరసలో నిలబడ్డవాడు తోపులాటలో నడుచుకుంటూ మొదలు గీత దాటేసరికే బోలెడు టైం పోతుంది, ఆ టైం ఎవరూ తిరిగివ్వరు. మారథాన్ ఆఫీసులో ఇదివరకు కన్‌బే గారని ఒకాయన ఉండేవాడు. ఏటా పందెం రోజు పొద్దున జనంలోకి వచ్చి టెట్సుజీ చొక్కా పట్టుకుని "నడవవయ్యా ముందుకి" అని లాక్కుపోయేవాడు. వద్దు వద్దంటూనే ఈయన వెళ్ళేవాడు. అలా ముందు నిలబడి కూడా కిందటేడు ఆఖరి గేటు తాడు కట్టే ముందు, వీపు మీద తాడు తగులుతుందేమో అన్నంత దగ్గరగా దాటాడు. కన్‌బే గారు చలికాలంలో పోయారు. ఇప్పుడు వరసలు కంప్యూటరు వేస్తోంది.

ఇదే ఆఖరి వేసవి పందెం కూడా. ఎండలకి జనం పడిపోతున్నారని వచ్చే ఏటినుంచి అక్టోబరుకి మారుస్తున్నారు. మొదటి పందెం నుంచి ఈనాటిదాకా ఒక్కటీ తప్పకుండా పూర్తిచేసినవాళ్ళు ఊరు మొత్తానికి ఇద్దరే మిగిలారు. కళ్ళజోళ్ళ కొట్టు షిబహారా ఒకడు, టెట్సుజీ ఒకడు. ఇద్దరి పేర్లూ పార్కులో రాతి మీద చెక్కిస్తారట, ఈసారి కూడా పూర్తిచేస్తే. తను పనిచేసే కాగితం మిల్లు మూసేశాక మొగుడు దేనికోసమైనా పొద్దున్నే లేచాడంటే ఆ పందెం కోసమే లేచాడని కినుయోకి తెలుసు.

"మనమే ఫోన్ చేద్దామా?" అని గురువారం భోజనం దగ్గర మెల్లగా అంది.

టెట్సుజీ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. "చేసి ఏమని చెబుతావ్? వద్దన్నవాడు కావాలంటున్నాడనా? అడుక్కుంటామా కినుయో? నా పరువేం కావాలి?"

"అది కాదండీ..."

"ఆ ఊరగాయ ఇటివ్వు."

ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది.

శుక్రవారం పందెంలో చొక్కాకి తగిలించుకునే నంబరు గుడ్డలు ఇచ్చే రోజు. ఇద్దరూ బస్సెక్కి సిటీ హాలుకి వెళ్ళారు. ఆఖరి వేసవి పందెం కదా అని హాల్లో గోడల నిండా పాత ఫొటోలు పెట్టారు. టెట్సుజీ చేతులు వెనక్కి కట్టుకుని మొదటి గోడ దగ్గరే నిలబడిపోయాడు.

మొదటి ఏడాది ఫొటోలో ఒక గుప్పెడు మంది. అందరి లాగులూ మరీ పొట్టివి. వెనకాల చొక్కాల మీద స్వెటర్లు వేసుకుని చూస్తున్న జనం, అప్పట్లో ఆగస్టు ఆఖరంటే స్వెటర్లే. నాలుగు గంటల్లో పూర్తిచెయ్యలేనివాళ్ళు రానే రావద్దని ఆ ఏడు రూలు. "అప్పుడు మనల్ని చూసి ఊరు నవ్వింది" అన్నాడు టెట్సుజీ. "పనీపాటా లేక రోడ్ల మీద పరిగెత్తే వెధవలని." పక్క ఫొటోలో తుపాను ఏడాది. కాలవ పొంగి రోడ్డు మీదికి వచ్చింది, చీలమండల్లోతు నీళ్ళలో పరుగు. ఆ పక్కన రైతుల ఆడవాళ్ళు దోసకాయలు అందిస్తున్నారు, బల్లలూ కప్పులూ ఇంకా రాలేదు. ఆ తర్వాత టీవీ వచ్చిన ఏడు, గడువు పెంచిన ఏడు, బయటి ఊళ్ళ నుంచి వేలమంది దిగిన ఏడు. రోడ్డు మీద ముఖాలు కనబడటం మానేసి టోపీలు కనబడటం మొదలైంది. చివర్న, రోగం భయంతో పందెం జరగని రెండేళ్ళూ ఖాళీ రోడ్డు ఫొటో పెట్టారు. ఆ ఖాళీ రోడ్డు మీద కూడా తనూ షిబహారా ఆ రోజున పరిగెత్తామని టెట్సుజీ ఎవరికీ చెప్పలేదు. కినుయోకి తెలుసు, ఆ రోజు అన్నం ముద్దలు కట్టిచ్చింది ఆవిడే.

"ఓయ్ ఇవబుచీ!"

షిబహారా. ఎర్ర టోపీ, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. ఆ మనిషికి సిగ్గూ ఎగ్గూ పుట్టుకతోనే లేవు.

"నీకూ ఫోనొచ్చిందా? నాకొచ్చింది. ముందు వరసలో నిలబడతారా అంది. నిలబడ్డమేమిటి తల్లీ, కుర్చీ వేస్తే కూర్చుంటాను కూడా అన్నా! పాపం కిసుక్కున నవ్వింది. ఏదీ, నీ నంబరు చూపించు."

టెట్సుజీ కవరు తెరిచాడు. నంబరు పక్కన వరస అక్షరం ఉంది. షిబహారా కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి దగ్గరగా చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేమిట్రా? ఇది ఆఖరి వరస."

"ముందు కుర్రాళ్ళుండాలి గదా" అన్నాడు టెట్సుజీ, కవరు మడుస్తూ.

"నీ తలకాయుండాలి! ఆ మోకాలితో అక్కణ్ణుంచి మొదలెడితే ఆఖరి గేటు నీకు దొరుకుతుందిట్రా? వద్దన్నావా? నిజంగా వద్దన్నావా? ఈ రోజుల్లో పిల్లలతో వద్దంటే వద్దనే అర్థంరా నాయనా!"

టెట్సుజీ పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చాడు. దోసకాయల ఫొటో వైపు తిరిగి, మళ్ళీ మొదటినుంచి చూస్తున్నట్టు నటించాడు. కినుయోకి మొగుణ్ణి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆఫీసువాళ్ళకని తెచ్చిన మిఠాయి డబ్బా గట్టిగా పట్టుకుని ఆఫీసు బల్ల వైపు నడిచింది. చెప్పెయ్యాలి. ఒక్క ముక్క. మా ఆయనకి ముందు వరస కావాలి.

బల్ల వెనక నిషిగాకి అని పేరు చీటీ పెట్టుకున్న అమ్మాయి. ముప్పై ఉంటాయేమో, నిద్ర చాలని కళ్ళు. ఆయన చెప్పిన కొత్తమ్మాయి ఈమేనని చూడగానే తెలిసిపోయింది.

"ఇవబుచి భార్యనండీ. ఏటా మీకు ఎంతో శ్రమ ఇస్తున్నాం."

అమ్మాయి చటుక్కున లేచి నిలబడింది. "అయ్యయ్యో, శ్రమేమిటండీ! మీరా!"

"ఏదో చిన్న వస్తువు. బఠానీ మిఠాయి. బాగుండదు కానీ..."

"ఇవన్నీ ఎందుకండీ, వద్దండీ."

"బాగుండదు, నిజంగా. అయినా మీరంతా తలో ముక్క..."

"అలాగైతే, ఎంతో సంతోషం."

డబ్బా చేతులు మారింది. కినుయో గొంతు సవరించుకుంది. "ఈ ఏడు ఎండలు మరీను."

"మరీనండీ."

"ఈ ఎండకి ముసలివాళ్ళకి మోకాళ్ళూ అవీ... వెనక జనంలో చాలాసేపు నిలబడాలంటే... అంటే మా ఆయన ఏమీ అనరనుకోండి, మనసులో ఉన్నది బయటికి చెప్పే మనిషి కాదు..."

ఇంతకంటే విప్పి చెప్పడం ఆమె వల్ల కాదు. ఇంతమాత్రం అనడానికే చెవులు కాలిపోతున్నాయి. అమ్మాయి ముఖం వెలిగింది.

"అదేనండీ, మేమూ ఆఫీసులో అదే అనుకున్నాం! ఎంత గొప్ప మనిషండీ! ఇన్నేళ్ళ రికార్డు ఉండి కూడా కుర్రాళ్ళకి చోటివ్వండి అన్నారు. నేను ఫోన్ పెట్టేసి మా వాళ్ళందరికీ చెప్పాను. మా చీఫ్ గారైతే ప్రారంభ ఉపన్యాసంలో ఆ మాట చెబుతానన్నారు. ఈ కాలంలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారండీ?"

ఇప్పుడెలా చెప్పడం? ఆ గొప్పతనం ఉత్తుత్తిదమ్మా, మర్యాదకన్నాడమ్మా, నువ్వు ఇంకోసారి అడగాల్సిందమ్మా అని ఎలా అనడం? ఆ అమ్మాయి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"ఏదో, మీ అభిమానం" అంది కినుయో. వంగి దండం పెట్టి వెనక్కి వచ్చేసింది.

శనివారం పొద్దున టోఫూ కోసం హమనాక కొట్టుకి వెళ్ళినప్పుడు ఆపుకోలేక అంతా చెప్పేసింది. హమనాక మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచీ ఎవరి మెప్పూ అక్కర్లేని మనిషి. నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి టోఫూ ముక్క అరచేతి మీదికి తీసుకుంటూ విన్నది.

"నోరు అన్నం తినడానికేనా ఉన్నది మీ మొగుడూ పెళ్ళాలకి? ఆ నంబరిటు చెప్పు, నేను చేస్తాను ఫోను."

"వద్దు వద్దు! ఆయనకి తెలిస్తే ఇల్లు వదిలి పోతారు."

"వద్దంటున్నావ్. నిజం వద్దా, మీ ఇంటి వద్దా?"

కినుయో నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నిజంగానే వద్దు" అంది.

హమనాక టోఫూని డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "రేపు ఆ ఆఖరి గేటు దగ్గర తాడు పట్టుకోవాల్సింది నేనే తెలుసా? మన వీధి సంఘం వంతు. నీది స్పాంజి బల్ల. ఆ ఆఫీసువాడు టైమైందనగానే ఇటునుంచి నేనూ అటునుంచి మంగలి ముసలాయనా లాగి పట్టుకోవాలి. నీ మొగుడి ముందర నాచేత తాడు పట్టిస్తారా మీరు? ఖర్మ!"

ఆదివారం పొద్దున్నే కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని తీగల మీద కూర్చున్నాయి. టెట్సుజీ ఆఖరి వరసలో నిలబడటానికి చీకటి విడవకముందే వెళ్ళిపోయాడు. మోకాలికి రెండు పట్టీలు, జేబులో ఉప్పు బిళ్ళలు. గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటూ, తలెత్తకుండా, "వెళ్ళొస్తా" అన్నాడు. "వెళ్ళి రండి" అంది కినుయో. రోజూ అనే మాటే.

కాలవ రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. చెట్టు నీడ లేదు. ఒకవైపు కాలవ, ఒకవైపు రేకు కప్పుల ఇళ్ళు. ఈ రోడ్డు మీద మనిషి ఎప్పుడో కనబడతాడు, ఎంతకీ దగ్గరికి రాడు. పరిగెత్తేవాళ్ళందరూ తిట్టుకునే రోడ్డు ఇదే. ఆఖరి గేటు, మూతపడ్డ పెట్రోలు బంకు ముందుంది. దానికి కాస్త ఇవతల స్పాంజి బల్ల. కినుయో ఐసు నీళ్ళ బకెట్లో స్పాంజిలు ముంచి, పిండీ పిండకుండా బల్ల మీద పేరుస్తోంది. ముందరి మొనగాళ్ళు వాటివైపు చూడకుండానే పోయారు. తర్వాత గుంపులు వచ్చాయి. చేతులు చాపి లాక్కునేవాళ్ళు, నెత్తిన పిండుకునేవాళ్ళు, "అమ్మా, బతికించావు" అనేవాళ్ళు. రోడ్డు మీద తొక్కిన స్పాంజిలు, జారిన కప్పులు.

షిబహారా వచ్చాడు. ముఖం ఉడికిన పీతలా ఎర్రగా ఉంది. రెండు స్పాంజిలు తీసుకుని రెండు చంకల్లో పెట్టుకున్నాడు.

"ఆయన కనబడ్డారా?" అంది కినుయో.

"మలుపు దగ్గర అటువైపు కనబడ్డాడమ్మా. వస్తున్నాడు." ఆగి, ఇంకేదో చెప్పబోయి, మానేసి, "వస్తున్నాడులే" అని పోయాడు.

జనం పలచబడ్డారు. నడిచేవాళ్ళు ఎక్కువయ్యారు. గేటు దగ్గర ఆఫీసు మనిషి, ఈ ఊరివాడు కాదు, మైకు పట్టుకుని మిగిలిన నిమిషాలు చెప్పడం మొదలెట్టాడు. ప్రతిసారీ చివర్న "దయచేసి తొందరపడండి" అంటున్నాడు. ఆగిపోయినవాళ్ళని ఏరుకుపోయే బస్సు పెట్రోలు బంకులోకి వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు, లోపల చల్లదనం కోసం.

అప్పుడు కనబడ్డాడు టెట్సుజీ.

దూరంగా, ఎండకి వణుకుతున్న రోడ్డు మీద, ఎడమ భుజం కొంచెం కిందికి వంచి. ఆ భుజం కినుయోకి ఎంత దూరం నుంచైనా తెలుసు. నడవడం లేదు, పరిగెత్తుతూనే ఉన్నాడు. కాలు ఎత్తుతున్నాడు, వేస్తున్నాడు, ఉన్నచోటే ఉన్నట్టున్నాడు. ఆవిడ చేతిలో స్పాంజి నీళ్ళన్నీ చెప్పులోకి కారిపోయాయి.

"ఏవండీ!" అని అరిచింది. అంత గట్టిగా మొగుణ్ణి ఎన్నడూ పిలవలేదు. "ఏవండీ! రండి! రండీ!"

వీధి వీధంతా అరవడం మొదలెట్టింది. "ఇవబుచి గారూ! పట్టుకోండి! వచ్చేశారు!" వచ్చెయ్యలేదు. మంగలి షాపు దాకా కూడా రాలేదు. మైకు మనిషి అంకెలు వెనక్కి లెక్కపెట్టాడు. ఆఖరిగా ఒక లావుపాటి కుర్రాడు పడుతూ లేస్తూ గేటు దాటి నేల మీద కూలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. విజిల్ మోగింది.

తాడు లేచింది. హమనాక రెండు చేతులా పట్టుకుని నిలబడింది, పెదవులు బిగించి.

టెట్సుజీ పరుగు ఆపలేదు. తాడు చూశాక కూడా అదే అడుగు, అదే పరుగు. స్పాంజి బల్ల దాటేటప్పుడు కినుయో వైపు చూడలేదు. మొదలు గీత దగ్గర పోయిన టైములో సగం చాలేది ఆయనకి, సగం కూడా అక్కర్లేకపోయేది. అది అక్కడున్న అందరికీ తెలుసు. తాడు దగ్గరికి వచ్చి ఆగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. చెమట తారు మీద పడుతోంది.

"నేను వదిలేస్తున్నాను" అంది హమనాక. "చెయ్యి జారిందంటాను. పొండి. ఇవబుచి గారూ, పొండి మీరు!"

మైకు మనిషి పక్కకి తిరిగి బస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు అలా చూశాడు. వాడూ మనిషే.

టెట్సుజీ నడుం నిటారుగా చేశాడు. "అలా ఎలా కుదురుతుంది హమనాక గారూ?" అన్నాడు. "టైం అయిపోయింది కదా." తాడు అటు చివర పట్టుకున్న మంగలి ముసలాయనకీ, ఇటు హమనాకకీ, మైకు మనిషికీ, వరసగా వంగి దండం పెట్టాడు. "ఎండలో అందరికీ శ్రమ ఇచ్చాను." పిన్నీసులు తీసి నంబరు గుడ్డ మడతపెట్టి మైకు మనిషి చేతిలో పెట్టి బస్సెక్కాడు. హమనాక తాడు కింద పడేసి, ఏడుస్తూ, ఎవర్నో నోటికొచ్చినట్టు తిడుతూ బంకు వెనక్కి వెళ్ళిపోయింది.

కినుయోకి ఏడుపు రాలేదు. మనసు నిండా గర్వం లాంటిది వచ్చింది, తిట్టాలన్నంత గర్వం. ఓడిపోయాడు, పోనీ. వంగి దండం పెట్టి బస్సెక్కాడు నా మొగుడు, అనుకుంది. రాయి మీద పేరు లేకపోతే పోయె. మిగిలిన స్పాంజిలన్నీ బకెట్లో వేసి నీళ్ళు కాలవలో పారబోసింది.

బుధవారం మధ్యాహ్నం గుమ్మంలో ఇద్దరు. నిషిగాకి, ఆమె పక్కన నల్ల కోటులో చెమటలు కక్కుతూ ఆఫీసు చీఫ్. అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కినుయో వాళ్ళని లోపల చాప మీద కూర్చోబెట్టి బార్లీ టీ తెచ్చింది. ఆదివారం నుంచీ టెట్సుజీ వరండాలోంచి లేవలేదు, అన్నానికి తప్ప. బనీను మీద చొక్కా వేసుకుని వచ్చి మోకాలు చాపుకునే కూర్చున్నాడు, మడవలేక.

ఇద్దరూ తలలు చాపకి ఆనించి దండం పెట్టారు.

"తప్పంతా మాది" అన్నాడు చీఫ్. "షిబహారా గారు వచ్చి మమ్మల్ని కడిగిపారేశారు. మీరు గీత దాటిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఆ గేటు మీరు హాయిగా దాటేవారు. మిమ్మల్ని ఆ వెనక నిలబెట్టడమే మా బుద్ధిలేనితనం."

"నేను ఇంకోసారి అడగాల్సింది" అంది నిషిగాకి. తల ఎత్తలేదు. "నాకు తెలియలేదండీ."

టెట్సుజీ టీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

చీఫ్ మూట విప్పాడు. లోపల చెక్క పెట్టె, పెట్టెలో పూర్తిచేసినవాళ్ళకిచ్చే పతకం. "అందుకని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. మీరు ఈ పందెం కూడా పూర్తిచేసినట్టే. రాతి మీద మీ పేరు షిబహారా గారి పేరు పక్కనే ఉంటుంది. మీరు మొహమాటపడతారని తెలుసు, అయినా దయచేసి..."

కినుయో ఊపిరి బిగబట్టింది. మొగుడేమంటాడో ఆవిడకి తెలుసు. పరిగెత్తని దారికి పతకమేమిటండీ అంటాడు. ఈసారి అది ఉత్తుత్తి వద్దు కాదు, ఎన్నిసార్లు అడిగినా అదే మాట అంటాడు. తాడు ముందర నిలబడి అన్నాడు కదా. ఆ మాట ఇంకోసారి వినాలని ఆవిడ చెవులు ఎదురుచూశాయి. చీఫ్ కూడా సిద్ధంగానే వచ్చాడు. రెండోసారి అనాల్సినదీ మూడోసారి అనాల్సినదీ అన్నీ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

టెట్సుజీ రెండు చేతులూ చాపాడు.

చీఫ్ మాట ఇంకా పూర్తికానేలేదు. "దయచేసి" దగ్గరే ఉన్నాడు. పెట్టె ఇంకా అతని ఒళ్ళోనే ఉంది. గాలిలో చాపిన ఆ చేతుల్ని చూసి తడబడి, తొందర తొందరగా పెట్టె పైకెత్తి వాటిలో పెట్టాడు.

"పుచ్చుకుంటున్నాను" అన్నాడు టెట్సుజీ.

చీఫ్ అనాల్సిన మిగతా మాటలన్నీ అలా మిగిలిపోయాయి. నిషిగాకి ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. టీ తాగారు. ఈ ఎండలు ఎప్పుడు తగ్గుతాయో అనుకున్నారు. అక్టోబరు అయితే హాయిగా ఉంటుందన్నాడు చీఫ్. ఉంటుందన్నాడు టెట్సుజీ. వాళ్ళు గుమ్మంలో ఎన్నోసార్లు వంగి దండాలు పెట్టి వెళ్ళిపోయారు.

కినుయో వాళ్ళని వీధి మలుపు దాకా సాగనంపి తిరిగొచ్చేసరికి టెట్సుజీ ఫ్యాను ముందర కూర్చుని ఉన్నాడు. పెట్టె తెరిచి పతకం మెడలో వేసుకున్నాడు. రిబ్బను ఫ్యాను గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు. ఆవిడకి ఏదో అనాలనిపించింది. ఏం తక్కువైందని అలా చేతులు చాపారు, అనాలనిపించింది. చాపిన ఆ చేతులు ఎంత ఖాళీగా ఉన్నాయో గుర్తొచ్చి మానేసింది. తాగిన కప్పులు పళ్ళెంలో పెట్టుకుంటూ కూర్చుంది.

ఆయనే అన్నాడు, ఇటు తిరక్కుండా.

"మళ్ళీ అడగరేమోనని భయమేసింది కినుయో."

"నిజమేలెండి" అంది ఆవిడ. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి నిండుగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.